అర్జీలను విడదీయు యంత్రము

శ్రీ సత్యసాయి జిల్లాలోని సోమందేపల్లి వంటి మండల కేంద్రమున, సోమవారమునాడు అర్జీలు పుచ్చుకొను బల్ల చెంత కొంతసేపు నిలిచినచో, కాగితములను విడదీయుట ఎంత పనియో మనకు తెలియును. ఒకరికి పింఛను ఆగినది. ఒకరి పాసుపుస్తకములో సర్వే నంబరు తప్పుగా పడినది. ఒకరి బోరు ఎండినది. బోరులో నీరున్న వారికి మోటారుకు కరెంటు చాలదు. వ్రాసినవారు తమ కష్టము చెప్పుకొందురే కాని, అది ఏ శాఖకు చెందునో చెప్పరు. చెప్పనక్కరయు లేదు; అది పుచ్చుకొన్నవారి పని. తప్పు శాఖకు పోయిన కాగితము 'మాకు సంబంధించినది కాదు' అను వ్రాతతో తిరిగి వచ్చునప్పటికి చేనిలో పైరు మిగులకపోవచ్చును.

ఈ పనిని కంప్యూటరుకు నేర్పు ప్రయత్నము మన దేశములో సాగుచున్నది. కేంద్ర ప్రభుత్వమునకు చేరు ఫిర్యాదులను పరిశీలించుటకు కాన్పూరు ఐ.ఐ.టి. సాయముతో నిర్మించిన ఏర్పాటు యొక్క రెండవ రూపము 2023 సెప్టెంబరులో ఆరంభింపబడినది.

యంత్రమునకు మన కష్టము అర్థమగునా? మనకు అర్థమైనట్లు కాదు. సాదా పద్ధతిలో అది చేయునది లెక్క. మనుష్యులు చదివి, శాఖలవారీగా కట్టలు కట్టిన వేలకొలది పాత అర్జీలను ముందుగా దానికి ఇత్తురు. ఏ మాట ఏ కట్టలో ఎన్నిమారులు వచ్చినదో అది లెక్కించును. 'అయ్యా' అను మాట అన్ని కట్టలలోను ఉండును. కనుక దానివలన ఫలము లేదు. 'ట్రాన్స్‌ఫార్మరు' అను మాట ఒక కట్టలోనే మెండుగా కనిపించును. అది మంచి సాక్షి. కొత్త అర్జీ వచ్చినప్పుడు అందలి సాక్షులనందరిని విచారించి, ఏ కట్టకు చెందుట ఎక్కువ సంభవమో యంత్రము చెప్పును. దీనికి మూలమైన గణితసూత్రము 1763లో అచ్చయిన థామస్ బేయస్ వ్యాసములోనిది. 1961లో అమెరికాలో మేరన్ అను పండితుడు 405 వ్యాససంగ్రహములను 32 వర్గములుగా పంచుటకు 90 మాటలను సాక్షులుగా ఎన్నుకొని ఈ విద్యను పరీక్షించెను.

అంతకు ముందే మన తెలుగువాడు ఒకరు ఈ త్రోవ త్రొక్కిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, కొలతలను బట్టి ఒకదానిని పెక్కు సమూహములలో ఏ సమూహమున చేర్చవలెనను ప్రశ్నపై 1948లో ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించిరి. ఆయన చేపట్టినవి శరీరపు కొలతలు. నేడు ఆ కొలతల స్థానమున మాటల లెక్కలు నిలిచినవి.

తెలుగుతో మాత్రము చిక్కు కలదు. చెరువు, చెరువుకు, చెరువులోని, చెరువుగట్టున - మనకు ఇవన్నియు ఒకే చెరువు; ఎడమిచ్చిన చోట మాట ముగిసెనని ఎంచు యంత్రమునకు నాలుగు వేరు మాటలు. అందుచేత మాటలను ముక్కలు చేసి నేర్పవలసి యుండును. కన్నడదేశపు సరిహద్దున ఉన్న ఈ సీమలో రెండు భాషల మాటలు ఒకే వాక్యమున కలియుట కూడ కలదు.

మాకు ఇంతకంటె పెద్దదిగా తోచు సందేహము వేరొకటి. యంత్రమునకు గురువులైన ఆ పాత కట్టలు ఎవరివి? అందు ఎక్కువ భాగము 'విన్నవించుకొనునది ఏమనగా' అని ఆరంభించు, అర్జీలు వ్రాసిపెట్టువారి చేతివ్రాతలైనచో, యంత్రము వారి భాషనే నేర్చును. తన మాటలలో, తనకు వచ్చిన అక్షరములతో వ్రాసుకొన్న ముదుసలి కాగితమునకు సాక్షులు దొరకరు. అది 'ఇతరములు' అను అరలో పడును. ఆ అరను తెరచువారు ఏ కచేరిలోనైనను తక్కువే. నూటికి తొంబది సరిగా పంచినదని చెప్పినప్పుడు, తప్పిపోయిన పది ఎవరివని అడుగవలెను. పూర్వము గుమాస్తా ఒక తరహా అర్జీలను పొరపాటున వేరొక శాఖకు పంపుచుండినచో, యంత్రము ఆ పొరపాటును కూడ శ్రద్ధగా నేర్చును.

ఇక అరలను ఏర్పరచునది మనుష్యుడే. హిందూపురములో పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్నది, ధర్మవరములో పట్టుమగ్గములు ఉన్నవి. పురుగులను పెంచువారు పట్టుపరిశ్రమ శాఖకు చెప్పుకొందురు. నేయువారు చేనేత జౌళి శాఖకు. 'పట్టు' అన్న ఒక్క మాటను చూచి యంత్రము ఏమి తేల్చగలదు? ప్రక్కన 'మల్బరీ' ఉన్నచో ఒక దారి, 'మగ్గము' ఉన్నచో ఒక దారి. రెండును ఉన్నచో? ఇంటిలో ఒకరు పురుగులను మేపి, వేరొకరు మగ్గముపై కూర్చుండు కుటుంబము రెండు బాధలను ఒకే కాగితముపై వ్రాయరాదా? మా నిలయమునకు వచ్చు ఉత్తరములే అట్టివి: ఒక కార్డుపై పాట కోరికయు, మల్బరీ ఆకుమచ్చకు మందేమన్న ప్రశ్నయు ఉండును, సంగీత విభాగమువారు చదివి ప్రక్కన పెట్టినచో రైతుకు జవాబు పోదు. ఒకే కాగితమును రెండు అరలకు పంపునట్లు యంత్రమునకు నేర్పవచ్చును. సాక్ష్యము చాలనప్పుడు తేల్చక, మనిషి చేతికి ఇమ్మనియు నేర్పవచ్చును. ఈ రెండు పద్ధతులును శాస్త్రమున ఉన్నవే. ఐతే ఆ రెండవ దానికి, ఆ కాగితములను చదువుటకై ఒక మనిషిని బల్ల వద్ద ఉంచవలెను.