అవే అక్షరాలు – వేరే మాటలు



పిల్లవాడు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వచ్చి ఏదైనా సందేహం అడిగితే, "మీ నాన్నగారు వచ్చాక అడుగు నాయనా" అని పంపేసే తల్లులు మనలో చాలామంది వున్నారు. తెలుగు మీడియంలో చదువుకున్నాం, ఆ భాష మనకేం వస్తుందిలే అని ఒక బెరుకు. ఆ బెరుకును పిల్లలు ఇట్టే కనిపెడతారు. అమ్మను ఇంగ్లీషు అడిగి లాభం లేదనే అభిప్రాయం వాళ్ళకు ఒకసారి ఏర్పడిందంటే, తర్వాత దాన్ని పోగొట్టడం కష్టం. అందుచేత తల్లీ పిల్లలూ కలిసి కూర్చుని ఆడుకోదగిన ఒక చిన్న ఆటను గురించి ఇవాళ చెబుతాను. ఒక మాటలో వున్న అక్షరాలనే, ఒక్కటి వదలకుండా, ఒక్కటి కొత్తగా చేర్చకుండా, అటూ ఇటూ మార్చి మరో మాట చేయడమే ఆ ఆట. ఇంగ్లీషులో ఇలాంటి మాటను ఎనగ్రామ్ అంటారు.

ఈ సరదా మనకు కొత్తదేమీ కాదు. 'తల' తిరగేస్తే 'లత' అవుతుంది. 'నవ' తిరగేస్తే 'వన' అవుతుంది. తెనాలి రామకృష్ణుని 'వికటకవి' ఎటునుంచి చదివినా ఒకటే గదా! అయితే ఒక పెద్ద తేడా వుంది. మన 'త'ను ఎక్కడ కూర్చోబెట్టినా 'త' అనే పలుకుతుంది. ఇంగ్లీషు అక్షరం అలా కాదు. పక్కన ఎవరున్నారో చూసుకుని గొంతు మార్చేస్తుంది. స్పెల్లింగు దగ్గర మన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఇ, ఏ, టి అనే మూడక్షరాలు తీసుకోండి. ఇదే వరసలో వుంటే 'ఈట్', తినడం. టి ముందుకు వస్తే మనం రోజూ తాగే 'టీ'. ఏ, టి, ఇ అని రాస్తే 'ఏట్', అంటే తిన్నాను అని. ఈ మాట చివర వున్న ఇ తాను పలకదు గాని, ముందున్న ఏ చేత దీర్ఘం పలికిస్తుంది. అది కాస్తా తీసేస్తే 'యాట్' అయి కూర్చుంటుంది.

ఇప్పుడు హెచ్, ఇ, ఏ, ఆర్, టి. ఇది 'హార్ట్', గుండె. మొదటి హెచ్‌ను తీసి చివర పెడితే 'ఎర్త్', భూమి. రెండింటిలోనూ ఇ, ఏ పక్కపక్కనే వున్నాయి. 'ఈట్'లో 'ఈ' అన్న ఆ జంటే 'హార్ట్'లో 'ఆ' అంది, 'ఎర్త్'లో 'ఎ' అంది. అలాగే మౌనంగా వుండడాన్ని చెప్పే 'సైలెంట్'లోనూ, వినడం అనే 'లిసన్'లోనూ వున్నవి అవే ఆరు అక్షరాలు. 'సైలెంట్'లో ఖంగున మోగిన టి, 'లిసన్'లో మాత్రం నోరు మూసుకుంది. విడివిడిగా బట్టీపెడితే జారిపోయే ఈ తేడాలు, ఇలా పక్కపక్కన పెట్టి చూసుకుంటే గుర్తుండిపోతాయి.

ఆటకు ఖర్చేమీ లేదు. పాత శుభలేఖలు చిన్న చిన్న చదరపు ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క అక్షరం రాయండి. అన్ని అక్షరాలూ సమానంగా రాస్తే ఆట సాగదు. స్క్రాబుల్ అనే ఆట కనిపెట్టిన అమెరికన్ ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ లెక్క బాగా చూశాడు. 1930ల నాటి ఆర్థికమాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు ఆయన. వార్తాపత్రికలు ముందు వేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టాడు. స్క్రాబుల్‌లోని 100 బిళ్ళల్లో ఇ 12, ఏ 9, ఐ 9 వుంటాయి. క్యూ, జెడ్ ఒక్కొక్కటే. ఇంచుమించు ఆ పాళ్ళలోనే మీరూ రాసుకోండి.

మొదట మూడక్షరాల మాటలతో ప్రారంభించి, అలవాటైన కొద్దీ నాలుగు, అయిదు చేయండి. ఏవో చేతికొచ్చిన ముక్కలు కాకుండా, తెలిసిన మాట ఒకటి కలగలిపి ఇవ్వాలి. 'స్టాప్' ముక్కలు ఇస్తే 'పోస్ట్', 'స్పాట్', 'పాట్స్', 'టాప్స్' అన్నీ వస్తాయి. ఎస్ కనిపిస్తే చివర పెట్టి చూడమనండి, బహువచనం దొరకవచ్చు. టి, హెచ్ రెండూ వుంటే జంటగా పెట్టి చూడమనండి.

ఒక్క నియమం మాత్రం తప్పనిసరి. అర్థం చెప్పలేని మాట లెక్కలోకి రాదు. 2015లో నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండు దేశస్థుడు, ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే ఆ నిఘంటువులోని మాటలు కంఠస్థం చేసి, ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో నెగ్గాడు. ఆయన జ్ఞాపకశక్తికి చేతులెత్తి నమస్కరించవలసిందే. కాని మనకు కావలసింది పందెం కాదు, భాష. అందుకని శంకరనారాయణ నిఘంటువు వంటిది ఒకటి పక్కన పెట్టుకోండి. అర్థం తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. తర్వాత పిల్లవాణ్ణి ఒక వాక్యం చెప్పమనండి, మీరూ ఒకటి చెప్పండి. అమ్మ కూడా పుస్తకం తిరగేసి నేర్చుకుంటున్నదని వాడు కళ్ళారా చూస్తాడు. తెలియకపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఈ సాయంత్రానికి ఒక లెక్క ఇస్తున్నాను. ఎల్, ఇ, ఏ, ఎస్, టి – ఇది 'లీస్ట్', అన్నిటికంటె తక్కువ. ఈ అయిదక్షరాలలోనే చిన్నపిల్లల పలక వుంది, చద్దిపట్టినది వుంది, దొంగిలించడం వుంది, అమ్మమ్మ చెప్పే కథలూ వున్నాయి. నాలుగింటినీ పిల్లలతో కలిసి పట్టుకోండి.