మందు బిళ్లా, మంచి ఊపిరీ – తండా ఆరోగ్యానికి జోడెడ్లు

  

మన ఆట చూశాం, పాట విన్నాం. ఆ ఆట ఆడే ఒళ్లు, ఆ పాట పాడే ఊపిరి బాగుంటేనే సంస్కృతి నిలబడుతుంది. అందుకే ఈసారి యువతతో ఆరోగ్యం గురించి మాట్లాడాలని మేము అనుకున్నాం. రెండు సంగతులు చెబుతాం. ఒకటి, మన ఊళ్లోనే ఉన్న ప్రభుత్వ క్లినిక్. రెండోది, శ్వాసతో, ధ్యానంతో, మంచి నిద్రతో ఒంటినీ మనసునూ కుదుటపరచుకునే పద్ధతులు. ఈ రెంటినీ ఒకే కాడికి కట్టిన జోడెడ్లుగా చూడమని మా మనవి. ఒక ఎద్దుతో బండి నడవదు.

ఎందుకు చెబుతున్నామంటే, మన ఇళ్లలో రెండు రకాల మనుషులు కనిపిస్తున్నారు. ఒకరు ఏ నొప్పి వచ్చినా సూది, సెలైను అంటారు. ఇంకొకరు ఫోన్లో వీడియో చూసి, ప్రాణాయామం చేస్తే బీపీ పోతుందట అని వాడుతున్న బిళ్ల మానేస్తారు. ఇద్దరికీ ముప్పే.

పక్క మండలం నేర్పిన పాఠం

ఎ.కొండూరు తండాల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుదిపేసింది. కష్టం చేసుకునే వయసులో ఉన్నవాళ్లు డయాలసిస్ మీద ఆధారపడ్డారు. బోరు నీళ్ల మీద ఎంతో చర్చ జరిగింది. ఆ తండాలకు కృష్ణా జలాలు పైపుల్లో అందించే పథకం చేపట్టారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఇదే బాధ. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

నీళ్ల కోసం అడగాల్సిందే, అది మన హక్కు. దానితోపాటు మన చేతిలో ఉన్నదేమిటో కూడా చూసుకోవాలి. కిడ్నీ మొదట్లో నొప్పి పెట్టదు, అరవదు. సగానికి పైగా పాడయ్యాక కూడా మనిషి మామూలుగా పొలం వెళ్లి వస్తుంటాడు. కాళ్లకు నీరు పట్టి, ఆయాసం వచ్చి, అన్నం సయించక ఆసుపత్రికి పోయేసరికి ఆలస్యం అయిపోతుంది. ముందే పట్టుకోవాలంటే ఉన్నవి సులువైన పరీక్షలే: బీపీ చూడటం, మూత్రంలో ఆల్బుమిన్ పోతోందేమో చూడటం, రక్తంలో క్రియాటినిన్ చూడటం.

ఇంకో మాట. మామిడి తోటల్లో కాయ కోసి, మిరప చేలో రోజంతా వంగి పనిచేసిన అమ్మానాన్నలకు నడుము పట్టేస్తుంది. కొట్టులో నొప్పి బిళ్ల కొనుక్కుని వేసుకుంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్లలు చెప్పేవాళ్లు లేకుండా నెలల తరబడి వాడితే కిడ్నీ దెబ్బతింటుంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా వేసుకుంటే ముప్పు మరింత ఎక్కువ. మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఆ బిళ్లలు ఉంటే క్లినిక్‌కు పట్టుకెళ్లి చూపించండి.

ఊరి క్లినిక్‌లో ఏముంది?

1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూర్చుని, వైద్యం జనం ఇంటి దగ్గరికే రావాలని తీర్మానం చేశాయి. మన దేశంలో లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి. 2018 నుంచి ఈ ఉపకేంద్రాలనే హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చారు. 2023 నవంబరులో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రంలో విలేజ్ హెల్త్ క్లినిక్ అని పిలుచుకుంటున్నది ఇదే. బోర్డు మీద పేరు ఏదైనా కానివ్వండి, లోపల ఎవరున్నారో, ఏముందో మనకు తెలియాలి.

నర్సింగ్ చదివిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉంటారు. ఏఎన్‌ఎం ఉంటారు. మన తండాలోనే తిరిగే ఆశా కార్యకర్త ఉంటారు. ఉపకేంద్రం స్థాయిలో 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. రక్తం శాతం, షుగరు, మలేరియా, మూత్ర పరీక్ష, గర్భ నిర్ధారణ, ఇలాంటివన్నీ అక్కడే. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సర్ పరీక్షలు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలి. బీపీ, షుగరు బిళ్లలు ఉచితం. ఫోన్ తెర మీద పెద్ద డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని కూడా ఉంది. మందు లేకపోతే "ఎప్పుడొస్తుంది?" అని మర్యాదగా అడగండి. అడిగేవాళ్లు ఉన్న చోటే క్లినిక్ బాగా నడుస్తుంది.

బీపీ చూపించుకునేటప్పుడు ఈ పద్ధతి గుర్తుంచుకోండి. ముందు ఒక అరగంట టీ, బీడీ, ఖైనీ వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి నెమ్మదిగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే బీపీ ఉన్నట్టే. తలనొప్పి లేదు కదా, నాకేం బీపీ అనుకోవద్దు. బీపీ కూడా కిడ్నీ జబ్బులాగే చప్పుడు చేయకుండా వచ్చేదే. కిడ్నీనీ గుండెనూ మెదడునూ లోలోపలే దెబ్బతీస్తుంది.

బరువు దించే విద్య

ఇప్పుడు రెండో ఎద్దు సంగతి. మన తాతముత్తాతలు లదేణి కట్టి, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. పగలు ఎంత నడిచినా, మజిలీ చేరగానే ఎద్దు వీపు మీది బరువు దించి మేతకు వదిలేవాళ్లు. దించకపోతే తెల్లారి ఎద్దు లేవదు.

మన ఒంటికీ అంతే. భయం, కోపం, అప్పుల దిగులు, పరీక్ష బెంగ వస్తే ఒంట్లో అడ్రినలిన్ లాంటి రసాయనాలు ఊరతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండలు బిగుస్తాయి, బీపీ పెరుగుతుంది. పాము ఎదురొస్తే ఇది కావాల్సిందే, తప్పించుకోవడానికి పనికొస్తుంది. కానీ పాము లేకపోయినా రాత్రీ పగలూ ఇదే స్థితిలో ఉంటే నిద్ర చెడుతుంది, కడుపు మండుతుంది, బీపీ, షుగరు అదుపు తప్పుతాయి. అమెరికాలో హార్వర్డ్ డాక్టరు హెర్బర్ట్ బెన్సన్ ధ్యానం చేసేవాళ్లను పరీక్షించి, ఆ సమయంలో ఊపిరి నెమ్మదిస్తుందని, ఒళ్లు తక్కువ ఆక్సిజన్ వాడుకుంటుందని గమనించారు. 1975లో దాని మీద పుస్తకం రాశారు. మన దేశంలో అంతకు చాలా ముందే, 1924లో, లోనావాలాలో స్వామి కువలయానంద కైవల్యధామ స్థాపించి, యోగాభ్యాసాలను ప్రయోగశాలలో కొలవడం మొదలుపెట్టారు. 2025 జూన్ 21న విశాఖ తీరంలో అంత పెద్ద యోగా దినోత్సవం చేసుకున్నాం. ఆ ఒక్కరోజు చాప పరిచి మర్నాడు చుట్టేస్తే లాభం లేదు.

రోజూ పది నిమిషాలు చాలు. డబ్బు అక్కర్లేదు, గురువుకు ఫీజు అక్కర్లేదు.

మొదటిది, నెమ్మది ఊపిరి. మంచం మీదో అరుగు మీదో నడుము నిటారుగా కూర్చోండి. పొట్ట మీద చేయి పెట్టుకోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి తీసుకోండి, చేయి పైకి లేవాలి. ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. నిమిషానికి ఆరు సార్లు వస్తుంది. ఇలా అయిదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఊపిరి బిగబట్టడం మాత్రం వద్దు. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు అసలు బిగబట్టకూడదు. తల తిరిగితే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి.

రెండోది, కండలు సడలించడం. పడుకునే ముందు పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని అయిదు సెకన్లు బిగించి వదిలేయండి. పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, ముఖం. రోజంతా కష్టం చేసిన అమ్మకు, నాన్నకు మీరే పక్కన కూర్చుని చేయించండి.

మూడోది మన సొంతం, గుండ్రంగా కలిసి ఆడే ఆట. తీజ్ తొమ్మిది రోజులూ ఆడపిల్లలు మొలకల బుట్టల చుట్టూ ఆడతారు. హోలీకి లేంగి పాటలకు అందరూ అడుగు కలుపుతారు. ఒంటికి వ్యాయామం, ఊపిరికి లయ, మనసుకు తోడు, మూడూ ఒక్క ఆటలోనే ఉన్నాయి. పండగకే దాచిపెట్టకుండా వారానికి ఒక్క సాయంత్రం ఆడమంటున్నాం.

నాలుగోది నిద్ర. పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పెట్టేయండి. చెప్పడానికి ఇది సులువు, చేయడానికి కష్టం. అయినా మొదలుపెట్టండి.

ఏది ఎక్కడ ఆగాలి?

నెమ్మది ఊపిరి బీపీని కొంత తగ్గించగలదు. బీపీ బిళ్ల చేసే పని మొత్తం అది చేయలేదు. అంకె తగ్గింది కదా అని బిళ్ల మానేయవద్దు. తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, పాము కాటు, ఫిట్స్ వస్తే ధ్యానం కాదు, వెంటనే 108. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి.

మన ఆచారాన్ని వదలమని మేము అనడం లేదు. ఆషాఢంలో సీత్లా భవానికి మొక్కుతాం, పశువులకూ పిల్లలకూ జబ్బు రాకూడదని కోరుకుంటాం. ఒకప్పుడు మశూచి తండాలను ఖాళీ చేసేది. టీకాలు ఇంటింటికీ తిరిగాయి. 1980 మే 8న ఆ జబ్బు లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పండగ ఆగలేదు, టీకానూ కాదనలేదు. రెండూ కలిసి నడిచాయి. ఇప్పుడు మేము అడుగుతున్నదీ ఆ నడకే.

మనసు బాగోలేనప్పుడు

మన పెద్దలు "దిగులు జబ్బు" అనరు. గుండె దడ అంటారు, తల బరువు అంటారు, నిద్ర పట్టడం లేదంటారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో కూడా జనం "ఎక్కువ ఆలోచన" అనే పేరుతోనే చెప్పుకుంటారు. అక్కడ మానసిక వైద్యులు చాలా తక్కువ. డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో క్లినిక్ ఆవరణలో ఒక చెక్క బల్ల వేయించి, ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. బాధ ఉన్నవాళ్లు వచ్చి అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. అవ్వ ఓపిగ్గా విని, ముందు ఏ సమస్య తీర్చుకోవాలో దారి చూపిస్తుంది. ఇలా బల్ల మీద కూర్చున్నవాళ్లలో దిగులు బాగా తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనంలో తేలింది. మన తండాలో వేప చెట్టు కింద అరుగు ఉంది. వినే అవ్వలు, దాదీలు ఉన్నారు. మనకు కొరతగా ఉన్నది అడిగే అలవాటే.

తమ్ముళ్లూ, మీకు ప్రత్యేకంగా ఒక మాట. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో డబ్బు పోయినా, లోన్ యాప్ వాళ్లు బెదిరించినా, పరీక్ష తప్పినా, పెళ్లి మాట చెడిపోయినా, ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు. చెప్పుకోవడానికి సిగ్గు వద్దు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. రాత్రైనా పగలైనా ఉచితం. తోటివాడు "నేనుండి ఏం లాభం" అంటే నవ్వి వదిలేయకండి. ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చోండి, క్లినిక్‌కు తోడు వెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు తాళం వేసిన పెట్టెలో పెట్టించండి. క్షణికావేశంలో చేతికి అందకపోతే ఎన్నో ప్రాణాలు నిలబడతాయి.

సారా గురించీ చెప్పాలి. దిగులు పోవడానికని తాగుతారు, దిగులు రెట్టింపు అవుతుంది. మాన్పించడానికి తిట్లు పనికిరావు. ఎంతోకాలంగా రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకే డాక్టరు సాయంతో మాన్పించాలి.

మీకు అప్పగిస్తున్న పని

ఇంట్లో మొదట చదువుకున్నది మీరే. అందుకే ఈ పని మీకే అప్పగిస్తున్నాం. ఈ నెలలో ఇంట్లో 30 దాటిన ప్రతి ఒక్కరినీ క్లినిక్‌కు తీసుకెళ్లి బీపీ, షుగరు, మూత్రం చూపించండి. ఒక నోటు పుస్తకంలో పేరు, తేదీ, అంకె రాయండి. బిళ్ల ఎప్పుడు వేయాలో చదవలేని అవ్వకు గోర్ బోలిలో చెప్పండి. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుకు తెలుగు, అవ్వకు గోర్ బోలి, మధ్యలో వారధి మీరే. సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అయిదు నిమిషాలు ఊపిరి సాధన చేయించండి. తండాకు ఇద్దరు చొప్పున ముందుకు వస్తే, ఆశా అక్కతో కలిసి నోటు పుస్తకం ఎలా రాయాలో మా సంఘం నేర్పిస్తుంది.

వచ్చే ఏడాది ఇదే వేడుకలో పాటల పోటీతోపాటు ఆ పుస్తకాలు కూడా బల్ల మీద పెడదాం. ఏ తండాలో ఎంతమందికి పరీక్షలు జరిగాయో, ఎవరి బీపీ అదుపులోకి వచ్చిందో వాళ్ల ఇష్టంతోనే చెప్పుకుందాం. అది కూడా మన తండాకు గౌరవమే.

 జై సేవాలాల్.