సీతాకోకచిలుక కత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన గ్రామమునకు చేసిన సేవను గూర్చి నాకు ముందు మాటలాడిన పెద్దలు విశదముగా సెలవిచ్చియున్నారు. నేను పండితుడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి భారత భాగవతములు కూడబలుకుకొని చదువుకొన్నవాడను. ఏ విషయమునైనను జమ యొకవైపు, ఖర్చొకవైపు వ్రాసి నిల్వ తేల్చుట నాకు అలవాటు. అట్లు తేల్చవలసిన విషయమొకటి నేడు మన యూరిలోనికి వచ్చినది.

కొంతకాలముగా మన గ్రంథాలయపు అరుగుమీద సాయంకాలములందు కొందరు బాలురు, సెల్‌ఫోనులో చూచి నేర్చి, రెండు పిడులుగల యొక కత్తిని వ్రేళ్లమధ్య గిరగిర త్రిప్పుచున్నారు. పిడులు రెక్కలవలె విచ్చుకొనుటచే దానిని సీతాకోకచిలుక కత్తి యందురు. కత్తి పట్టిన పిల్లలను అరుగెక్కనీయరాదని కొందరు తండ్రులు పట్టుబట్టినారు. ఇది ఆటయే గదా యని పిల్లలు మొగము ముడుచుకొన్నారు. వారిలో ముగ్గురు ఇప్పటికే పుస్తకములకు వచ్చుట మానినారు. పాఠకుడొకడు తగ్గుట గ్రంథాలయమునకు చిన్న నష్టము గాదు. కావున తీర్పు చెప్పుటకు ముందు ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొందము.

ఫిలిప్పీను దీవులలో లూజాను అనునది పెద్ద దీవి. దాని దక్షిణ భాగమున బటంగాస్ అను ప్రాంతమున తాల్ అను ప్రాచీన పట్టణము కలదు. 1754లో అగ్నిపర్వతము బ్రద్దలై పాత ఊరిని పాడుచేయగా, జనులు నేటి చోటికి తరలివచ్చినారు. సన్నని వస్త్రములమీద చేతికుట్టు పనికి ఆ పట్టణము పేరుగన్నది. ఆ పట్టణములోనే బాలిసాంగ్ అను పేట యున్నది. ఆ కత్తికిని అదియే పేరు. విరుచుట, కొమ్ము అను అర్థములుగల రెండు మాటలు కలిసి ఆ పేరైనదని అచ్చటివారు చెప్పుకొందురు. పిడులకు దున్నపోతు కొమ్ము వాడుట అచ్చటి ఆచారము. అలుగు, అనగా కోసెడి భాగము, పాత మోటారు బండ్ల కమాను పట్టాలనుండియు సాగగొట్టుదురు. మన కమ్మరులు కొడవలికి, గొడ్డలికి ఆ పట్టాలనే వాడుట మనమెరిగినదే. సముద్రముల కావల నున్నను కొలిమి బుద్ధి ఒక్కటియే!

ఇక దాని నిర్మాణము. మన మడత చాకునకు పిడి యొక్కటి; దీనికి రెండు. అలుగు మొదట రెండు చీలలుండును. ఒక్కొక్క చీలచుట్టు ఒక్కొక్క పిడి తిరుగును. మూసినపుడు పిడులలోని గాడులలో అలుగు దాగును. తెరచినపుడు పిడులు రెండును వెనుకకు తిరిగి, ఒకదానితో నొకటి కలిసి, గుప్పిటిలో ఒకే పిడియగును. స్ప్రింగు లేదు, పట్టిన చేయియే దానికి తాళము. ఒక్క చేతితో తెరచుటకు వీలుగా నుండుట దీని సుగుణము.

పిడులలో ఒకటి అలుగు మొండివైపునకును, రెండవది వాదరవైపునకును మూయబడును. మొదటిది క్షేమపు పిడి. రెండవది కాటు పిడి. పొరపాటున కాటు పిడిని పట్టి త్రిప్పినచో వాదర వచ్చి వ్రేళ్లమీదనే పడును. కావున మొదటి పాఠము ఏ పిడి చేతనున్నదో ఎరుగుట. క్షేమపు పిడిని పట్టి రెండవదానిని విసరుట, మణికట్టును సగము త్రిప్పుట, మరల తెచ్చి కలుపుట – ఇవి అక్షరాభ్యాసము వంటివి. పిమ్మట చూపుడువ్రేలిచుట్టు దొర్లించుట, గాలిలోనికెగురవేసి పట్టుట మున్నగు గుణింతములు వచ్చును. నేర్చుకొనువారికి పదును లేని అలుగులు వేరుగా చేయుచున్నారు. నిజమైన కత్తి తూకమునకు సరిపోవునట్లు వానికి రంధ్రములు కూడ చేయుదురు. క్రింద పడిపోవుచున్న కత్తిని పట్టబోరాదనునది మరియొక నియమము. తొందరపడినవానికి ఈ విద్య పట్టువడదు. కోపముతోనున్నవానికి అసలే పట్టువడదు. ఒక్క త్రిప్పుటకు వందలమార్లు అభ్యసింపవలెను. ఇది జమ.

ఇక ఖర్చు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఆ దీవులలోని స్థావరములందున్న అమెరికా సైనికులు ఈ కత్తులను తమ దేశమునకు కొనిపోయిరి. సినిమాలలో దుర్మార్గుల చేతులలో అది మెరసినది. అల్లరి మూకలును దానిని పట్టినవి. అంతట చట్టములు వచ్చినవి. ఇంగ్లాండులో 1988లో దీని అమ్మకమును నిషేధించిరి. 2021నుండి ఇంటిలో నుంచుకొనుటయు నేరమైనది. జర్మనీ 2003లో నిషేధించినది. పుట్టినింట ఫిలిప్పీనులోనే 1978 నాటి చట్టము ప్రకారము, జీవనోపాధికి పనిముట్టుగా తప్ప కత్తిని ఇల్లు వెడలించి తిరుగరాదు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము క్రింది నియమములలో, గృహకృత్యములకు, సేద్యమునకు, పరిశ్రమలకు ఉద్దేశించినవి తప్ప, అలుగు 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల కత్తులను ఆయుధములలో చేర్చినారు. అంతకంటె చిన్నదైనంతమాత్రమున నిర్దోషమని తలపరాదు. జేబులో కత్తి యున్నవానికి నోటి జగడము చేతి జగడమగుటకు నిమిషము పట్టదు.

ఇచ్చట భారతములోని కుమారాస్త్రవిద్యా ప్రదర్శనము జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ద్రోణుడు తన శిష్యుల నేర్పును పెద్దలయెదుట చూపగోరెను. రంగస్థలము కట్టిరి. ధృతరాష్ట్రుడు, భీష్ముడు, కుంతి, గాంధారి, పురజనులు వచ్చిరి. భీమదుర్యోధనులు గదలు పట్టి వినోదముగా ప్రారంభించిరి. చూపరులు రెండు పక్షములై కేకలు వేయగా వినోదము నిజమైన పోరగు స్థితికి వచ్చెను. అప్పుడు ద్రోణుడు అశ్వత్థామను పంపి వారిని విడదీయించెను. గద యందు దోషము లేదు, విద్యయందును లేదు. దోషము పగయందున్నది. ఆనాడు కీడు తప్పుటకు కారణము, ఆపగల పెద్ద అచ్చట నుండుటయే. అదే గదలు పెద్దలు లేని చోట లేచినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

తండ్రులారా! మీరు ఈ పిల్లలను అరుగుమీదనుండి దింపినచో వారు కత్తిని మానరు. చెరువుగట్టు చాటునకు పోవుదురు. అచ్చట వారికి చెప్పెడివారుండరు. బాలులారా! మీకును ఒక మాట. మీ నేర్పు వ్రేళ్లలో నున్నది గాని వాదరలో లేదు. పదును తీసివేసినను ఒక్క త్రిప్పుటయు తగ్గదు. తగ్గునది భయము మాత్రమే. కర్రసాము చేయువాడు తలలు పగులగొట్టకయే మెప్పు పొందుచున్నాడు గదా!

కావున నా లెక్కలో తేలిన నిల్వ యిది. పదునులేని అలుగుతోనే అభ్యసింపవలెను. దానిని బడికి, బస్సునకు, సంతకు కొనిపోరాదు. పెద్దవాడొకడు చూచుచుండగా, పసిపిల్లలు చేరువ లేనపుడు త్రిప్పవలెను. ఈ మూడింటికి ఒప్పుకొన్నవారికి మన అరుగుమీద చోటీయవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. చూచుచుండెడి పెద్దవాడు కావలసినచో, సాయంకాలములందు నేను ఎట్లును ఇచ్చటనే యుందును.

మానుకొన్న ముగ్గురు బాలుర పుస్తకముల చీటీలు నాయొద్ద భద్రముగా నున్నవి. రేపటినుండి వచ్చి తీసికొనవచ్చును.