మనవడి మాట – మన ఓపిక

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభుత్వాసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, పిల్లల మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

పిల్లవాడు ‘కాకి’ని ‘తాతి’ అంటాడు. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం. వచ్చినవాళ్ళ ముందు మళ్ళీ అనిపిస్తాం. రెండు, మూడేళ్ళ వయసులో అది సహజమే. నాలుగేళ్ళు నిండినా బయటివాళ్ళకు వాడి మాట అర్థం కాకపోతే మాత్రం ‘అదే వస్తుందిలే’ అని ఊరుకోకండి. బడిలో నలుగురూ వెక్కిరిస్తే వాడు నోరు విప్పడమే మానేస్తాడు. అలాంటి పిల్లల్ని నా సర్వీసులో ఎందరినో చూశాను.

మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. చెవికి సరిగా అందని శబ్దం నోట సరిగా పలకదు. ఈలోగా వస అరగదీసి నాకించమనీ, నాలుక కింద నరం కోయించమనీ, బుడగలు ఊదించమనీ సలహాలకు కొదవుండదు. ఊదడం వేరు, పలకడం వేరు. ‘క’ రావాలంటే ‘క’నే సాధన చేయించాలి.

ఒక తమాషా చూడండి. మీరూ ‘తాతి’ అని చూడండి, “తాతి తాదు, తాతి!” అని కోప్పడే పిల్లలున్నారు. ఎదుటివారి నోట తేడా తెలుస్తోంది, తన నోట తెలియడం లేదన్నమాట. అందుకే కోట బొమ్మ, తోట బొమ్మ పక్కపక్కన పెడతాం. వాడు కోట కావాలని ‘తోట’ అంటాడు. మనం వాదించకుండా తోటే చేతికిస్తాం. తెల్లబోతాడు! శబ్దం మారితే అర్థం మారిపోతుందని అప్పుడు తెలుస్తుంది. కాళ్ళు, తాళ్ళు కూడా అలాంటి జంటే.

ఇక పలికించడం. నాలుక కొనను చెంచాతో మెల్లగా అదిమితే ‘త’కు దారి ఉండదు, వెనుక భాగం లేచి ‘క’ వస్తుంది. ఇది థెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోండి. తర్వాత కా, కీ, కూ. ఆపైన మాటలు, వాక్యాలు. థెరపిస్టు వారానికి ఒకటి రెండుసార్లు చేయించేది కొంతే. రోజూ పది నిమిషాలు ఇంట్లో కూర్చోబెట్టాలి. కన్నవాళ్ళకు ఆఫీసులు, తీరిక ఉన్నది మనకే.

మామూలు వేళల్లో “సరిగ్గా అను” అని గద్దించకండి. వాడు “తాతి వచ్చింది” అంటే, “అవును, కాకి వచ్చింది. కాకికి అన్నం పెడదామా?” అంటే చాలు.

అంగిలి చీలిక ఉన్న పిల్లలకు, ఒకే మాటను తడవకో రకంగా పలికేవారికి పద్ధతులు వేరు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడికి వెళ్ళినా, మీ ఊరి థెరపిస్టు దగ్గరికి వెళ్ళినా, పిల్లవాడు ఏ మాటను ఎలా అంటున్నాడో ఒక కాగితం మీద రాసుకుని తీసుకువెళ్ళండి.