చౌక స్పీకరు – బ్యాటరీ ఆయుష్షు

వాన నిలుకడలేని మడకశిర సీమలో కూలిడబ్బు కూడబెట్టి కొన్న వస్తువు నాలుగు కాలములు మన్నవలెనని కోరుట న్యాయమే. ఐదారు వందల రూపాయల బ్లూటూత్ స్పీకరు ఏడాది తిరుగకముందే మూగవోయిన, ‘చౌక సరుకింతే’ అని మూల పడవేయుదుము. పలుమారు చెడినది పెట్టె కాదు, దానిలోని బ్యాటరీ మాత్రమే.

ఇట్టి పెట్టెలలో సాధారణముగా ఉండునది లిథియం-అయాన్ బ్యాటరీ. సోనీ సంస్థ 1991లో దీనిని తొలిసారి విపణికి తెచ్చినది. నిండుగా ఛార్జి చేసి, పూర్తిగా వాడుట ఒక ఆవృత్తి. సుమారు 300 మొదలు 500 ఆవృత్తులు గడచుసరికి దాని శక్తి కొంత తగ్గుట సహజము. అంతకుముందే చెడుటకు కారణములు వేరు.

మొదటిది వేడి. మిట్టమధ్యాహ్నము వేరుసెనగ చేని గట్టుపైనను, రేకుల కప్పు క్రిందను ఉంచిన బ్యాటరీ త్వరగా ముసలిదగును. నిండుగా ఛార్జి చేసి ఎండలో ఉంచుట మరింత చేటు. చింతచెట్టు నీడ మనకెంత హితమో దానికిని అంతే.

రెండవది, పూర్తిగా ఖాళీ చేసి అటకపై ఉంచుట. నెలల తరువాత అది మరల ఛార్జి ఎక్కకపోవచ్చును. వాడనప్పుడు సగము ఛార్జితో ఉంచి, రెండు మూడు నెలలకొకసారి చూచుకొనవలెను.

ఇక పెట్టెపై వ్రాసిన గంటల లెక్క మితమైన ధ్వనికి సంబంధించినది. 1200 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీలో 3.7 వోల్టుల చొప్పున సుమారు 4.4 వాట్-గంటల శక్తి ఉండును. అర వాట్టు వాడిన ఎనిమిది గంటలు పలుకును. రెండు వాట్లు వాడిన రెండు గంటలే. ధ్వని చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదిరెట్లు శక్తి కావలెను మరి!

వెనుకటి ట్రాన్సిస్టరులో సెల్లులు అయిపోయినవని రేడియోను పారవేసినవారు లేరు; సెల్లులే మార్చిరి. ఇక్కడను అదే నీతి. సెల్‌ఫోన్లు బాగుచేయు అంగడిలో అదే వోల్టు, అదే కొలత గల బ్యాటరీ వేయించవచ్చును. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నిప్పులో వేయరాదు, చెత్తలో కలుపరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతవానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులదే.

కొనునాడు చౌకయైనది, కాపాడుకొన్ననాడే నిజముగా చౌక.