మరరంపములు

పొరుగున ఇల్లు కట్టుచున్నపుడు మీ రేడియో గొంతును మ్రింగివేయు చప్పుళ్ళలో విద్యుత్తుతో నడచు రంపపు రొద మొదటిది. దానికి విసుగుకొనని శ్రోత యుండడు. నేడు మాత్రము ఆ రొదను కొంచెము సేపు చెవియొగ్గి వినుడని మా మనవి. చెక్కను తాకక ముందు రంపము సన్నని గొంతుతో ఈల వేయును. తాకిన వెంటనే ఆ గొంతు బొంగురుపోవును. చేతి యొత్తిడి ఎంత పెంచవలెనో, ఎంత తగ్గింపవలెనో అనుభవశాలియైన వడ్రంగి ఆ బొంగురును బట్టియే తెలిసికొనును.

మరలు రాకపూర్వము దుంగను ఎత్తున నిలిపి, పైన నొకడు, క్రింద నొకడు నిలుచుండి పెద్దరంపమును లాగుచుండిరి. పైవాడు గీత తప్పకుండ చూచుకొనవలెను. క్రిందివాని కన్నులలో పొట్టు పడుచుండెను. నీరు, ఆవిరి, విద్యుత్తు వచ్చి ఆ యిరువురి భుజబలమునకు బదులు నిలిచినవి. కాని రంపపు పన్ను చేయు పని నాడెట్టిదో నేడును అట్టిదే.

కఱ్ఱ యనగా సన్నని గొట్టముల మోపు. గడ్డిమోపును కొడవలితో అడ్డముగ కోయుట యొక పని. పోచ నుండి పోచను నిలువున విడదీయుట వేఱొక పని. కావున నిలువుకోత రంపపు పన్ను చిన్న ఉలి వలె తిన్నని అంచుతో నుండి పోగులను చెక్కుచు పోవును. అడ్డకోత పన్ను చాకుమొన వలె ప్రక్కకు సానపట్టబడి యుండును. ఒకటి ఎడమ ప్రక్క పోగును, మఱొకటి కుడి ప్రక్క పోగును తెంపగా నడుమ మిగిలినది పొట్టై రాలును. నిలువుకోత పళ్ళతో అడ్డము కోసినచో అంచున పేళ్ళు లేచును. అడ్డకోత పళ్ళతో నిలువుగ కోయబూనినచో పని సాగదు, చెక్క మాడును. ఇట్టి సందర్భములలో పెక్కురు రంపము మొండిదైనదని నిందింతురు గాని, తప్పు దానిది కాదు.

ఇక వేగము మాట. 10 అంగుళముల వ్యాసము గల చక్రరంపము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. దాని పన్ను సెకనునకు సుమారు 40 మీటర్లు పోవును. అనగా గంటకు 140 కిలోమీటర్లకు పై మాట. ఆ చక్రమునకు 40 పళ్ళుండి, మనము చెక్కను సెకనునకు 5 సెంటీమీటర్ల చొప్పున నెట్టినచో ఒక్కొక్క పన్ను తీయునది మిల్లీమీటరులో నలుబదవ వంతు మాత్రమే. అంత పెద్ద రొద చేయుచు అంత చిన్న ముక్క! చెక్కను మఱీ మెల్లగ నెట్టినచో పళ్ళకు కోయుటకు పదార్థము చాలక, రాచుకొని వేడెక్కును. మాడిన వాసన వచ్చుటకు తొందర యెంత కారణమో జంకు కూడ అంత కారణము.

చక్రము తన వ్యాసములో సగమైనను లోతు కోయలేదు. పెద్ద దుంగల కందుచేత రెండు చక్రములపై తిరుగు అంతులేని ఉక్కుపట్టీ, అనగా బ్యాండు రంపము, అనుకూలము. పట్టీ పలుచన గావున పొట్టుగ పోవు కలప తక్కువ. 19వ శతాబ్ది తొలి దశకముననే విలియం న్యూబెర్రీ ఇంగ్లండులో దీనికి పేటెంటు పొందినను, పట్టీ అతుకు నిలువక అది చాలకాలము అక్కఱకు రాలేదు. 1846లో అతికించు పద్ధతిని చెప్పినది ఆన్ పోలిన్ క్రెపిన్ అను ఫ్రెంచి వనిత. చెట్లను పడవేయు గొలుసురంపపు కథ యింకను విచిత్రము. అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అను కలపపనివాడు 1946లో మొద్దును తొలుచుచున్న ఒక పురుగును చూచెను. అది నిలువనక, అడ్డమనక రెండు దవడలతో కొఱుకుచు పోవుచుండెను. ఆ దవడల వంపునే అతడు గొలుసు పళ్ళకు పెట్టెను.

రాతి విషయములో పళ్ళే యుండవు. చీమకుర్తి గ్రానైటును కోయునది వజ్రపు రేణువులు పొదిగిన తీగ; అది కోయదు, అరుగదీయును. పైన నీరు పారవలెను. ఆ నీరు వేడిని చల్లార్చుటకే కాదు, ఊపిరితిత్తులను చెఱచు రాతిదుమ్మును అణచుటకు గూడ. ఇండ్లలో బండలను పొడిగ కోయించువారు ఈ మాటను గమనింతురు గాక.

ఒక కోతమిల్లులో చప్పుడును ధ్వనిముద్రణ చేయుటకు మేము పోయితిమి. అక్కడి వృద్ధ కార్మికునకు ఎడమచేతి చూపుడువ్రేలు సగమే యున్నది. బల్లపై చక్రరంపము వెనుక నొక పలుచని ఉక్కురేకు నిలిపియుంచవలెను. కోసిన చీలిక తిరిగి మూసికొని చక్రమును బిగబట్టకుండ అది కాచును. అది లేనిచో వెనుక నుండి పైకి లేచు పళ్ళు చెక్కను పట్టి పనివాని మీదికే విసరును. చెక్కతోపాటు చేయియు చక్రము మీదికి పోవచ్చును. ఆ రేకేదని మేమడుగగా ఆయన నవ్వి గోడకున్న మేకును చూపెను. రేకు అచ్చటనే వ్రేలాడుచున్నది. “పనికి అడ్డము వచ్చునని తీసితిమి బాబూ” అనెను. చేతితొడుగును, జారు కండువాను పళ్ళు చిటికెలో లాగుకొనునని ఆయనయే మాకు చెప్పెను గాని, ఆ రేకును మాత్రము దింపలేదు.

కఱ్ఱకును వ్రేలికిని భేదము తెలిసిన రంపమొకటి లేకపోలేదు. విఱిగిన యెముకకు వేసిన పిండికట్టును తొలగించు రంపము అట్టిది. 1940లలో హోమర్ స్ట్రైకర్ అను అమెరికను వైద్యుడు దానిని రూపొందించెను. దాని చక్రము తిరుగదు. ఉన్నచోటనే అటునిటు అతివేగముగ కొద్దిగ కదలును. గట్టి పిండికట్టు ఆ కదలికతో పోలేక తెగును. మెత్తని చర్మము పళ్ళతోపాటే ఊగి తప్పించుకొనును. ఐనను ఒకేచోట ఆనించి యుంచినచో కాలును గనుక, అదిమి ఎత్తుచు, అదిమి ఎత్తుచు పోవలెను. ఆ రొద విని బిడ్డలు బెదరుదురు. అందుచేత తెలిసిన వైద్యులు ముందుగా దానిని తమ అరచేతికే తాకించి చూపుదురు.