పులి – నివ్వరి
పులికీ, గడ్డిపోచకూ పోలిక యేమిటని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. పులి రక్షణకై కేంద్ర ప్రభుత్వము 1973లో ప్రత్యేక పథకమును ప్రారంభించినది. అది ఉచితమే. పులికొరకు అడవిని కాపాడినచో జింకయు, చెట్టును, సెలయేరును కూడ దక్కుచున్నవి.

నివ్వరి చెరువు అంచులలో, నీటి గుంటలలో తనంత తాను మొలచు గడ్డి; మన వరికి దగ్గర జ్ఞాతి. పండగానే గింజ రాల్చును గనుక రైతుకు పనికిరానిది. అయినను, సుడిదోమ మోసుకొనివచ్చు ఒక వైరస్ తెగులు ఆసియా వరిచేలను గిడసబార్చినప్పుడు ఆదుకొన్నది ఈ గడ్డియే. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు వేలకొలది రకములను పరీక్షింపగా, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒకే ఒక నివ్వరి విత్తనమున దానిని తట్టుకొను గుణము కనబడినది. ఆ గుణమునే 1976లో విడుదలైన ఐ.ఆర్. 36 వరికి సంక్రమింపజేసిరి.

పులులను లెక్కింపవచ్చును, తగ్గినచో తెలియును. నివ్వరి అంతయు ఒక్కటి కాదు. ఏ గుంటలో ఏ గుణము దాగియున్నదో ఎవరెరుగుదురు? గుంటను పూడ్చినచో పోయినదేమో కూడ తెలియదు. అభయారణ్యపు సరిహద్దు ఊరి ప్రక్కనున్న గుంటదాక రాదు.

విత్తనమును శీతలగృహమున దాచవచ్చును, నిజమే. కాని అక్కడ గింజ నిద్రించును. తెగుళ్ళతో పెనగులాడి క్రొత్త బలము సంపాదించునది నీటి గుంటలోనే. పులికి అడవిని విడిచినట్లే, నివ్వరికి ఆ గుంటను విడువవలసియున్నది.